గాలివానలో ఫ్రెండ్స్‌తో క్యాంపింగ్: ఏ టెంట్, ఎన్ని టెంట్లు, ఎప్పుడు వద్దనుకోవాలి

గాలివానలో గుంపుగా క్యాంపింగ్‌కి వెళ్లాలనుకునేవాళ్లు టెంట్ గురించి మొదట అడిగేది "ఎంతమంది పడతారు?" అని. అంతకంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకోండి. అర్ధరాత్రి గాలికి ఒక టెంట్ కూలిపోతే, అందులో పడుకున్నవాళ్లు ఎక్కడికి వెళ్తారు? దీనికి మీ దగ్గర సమాధానం ఉంటే మిగతా ఎంపికలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. సమాధానం లేకపోతే ఎంత ఖరీదైన టెంట్ తెచ్చుకున్నా రాత్రంతా టెన్షనే. కింద నేను పోల్చి చెప్పేవన్నీ ఈ ప్రశ్నతోనే తూస్తాను.

అధికారికంగా తుఫాను హెచ్చరిక, వరద హెచ్చరిక ఉన్నప్పుడు వెళ్లాలా వద్దా అని చర్చించాల్సిన పనే లేదు, వెళ్లకూడదు, అంతే. నేను మాట్లాడేది ఆ కిందిస్థాయి వాతావరణం గురించి: జల్లులు, మధ్యలో ఈదురుగాలి, ఎక్కడో ఉరుములు, సూచన చూస్తే వెళ్లొచ్చు అనీ అనిపిస్తుంది, వద్దు అనీ అనిపిస్తుంది.

వెళ్దామా, వాయిదా వేద్దామా, పైకప్పున్న చోటు చూసుకుందామా

వాతావరణ సూచనలో చాలామంది వాన శాతం చూసి ఆగిపోతారు. నిజానికి వాన కంటే గాలి ముఖ్యం, అందులోనూ సగటు వేగం కాదు, ఒక్కసారిగా వచ్చి పడే విసురు ఎంతో చూడాలి. చాలా సూచనల్లో ఈ రెండూ విడివిడిగా ఇస్తారు. సగటు గంటకు 25 కిలోమీటర్లు అని ఉండి విసురు 55 అని ఉంటే మీ టెంట్ తట్టుకోవాల్సింది 55నే. గాలి వేగం గంటకు 30 కిలోమీటర్ల నుంచి 60కి పెరిగితే టెంట్ మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే "కొంచెమే కదా ఎక్కువ" అనుకున్న గాలి కూడా కడ్డీలు విరిచేస్తుంది.

గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేల్ ప్రకారం గంటకు 39 నుంచి 49 కిలోమీటర్ల గాలికి పెద్ద కొమ్మలు ఊగుతాయి, గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంది. 50 నుంచి 61 మధ్య చెట్లు చెట్లే ఊగిపోతాయి, ఎదురు నడవడం ఇబ్బంది. 62 దాటితే చిన్న కొమ్మలు విరిగి పడటం మొదలవుతుంది. నా లెక్క ఇది: విసురు 40 లోపు ఉంటే మామూలు మంచి టెంట్లతో ఏ గుంపైనా వెళ్లొచ్చు. 40, 60 మధ్య ఉంటే గట్టి టెంట్లు, వాటిని చీకట్లో కూడా నిలబెట్టగలిగేవాళ్లు, దగ్గర్లో కారో పక్కా గదో, ఈ మూడూ ఉంటేనే. 60 దాటితే వాయిదా. ఉరుములు పడతాయని సూచన ఉంటే గాలి ఎంత తక్కువున్నా సరే, నాలుగైదు నిమిషాల నడకలో కారు గానీ గోడలూ పైకప్పూ ఉన్న గది గానీ లేని చోటికి వెళ్లొద్దు.

ఇందులో మూడో దారిని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. టెంట్లు వేసే చోటికి దగ్గర్లోనే ఒక గది తీసుకుని, పగలంతా బయట తిరిగి, రాత్రి పరిస్థితి చూసి టెంట్‌లోనో గదిలోనో పడుకోవడం. "అది క్యాంపింగే కాదు" అనేవాళ్లు గుంపులో ఒకరైనా ఉంటారు. కానీ మొదటిసారి వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు నేను ముందు సూచించేది ఇదే. ఎందుకంటే టెంట్ కూలితే ఎక్కడికి అనే ప్రశ్నకి ఇంతకంటే సూటి సమాధానం లేదు.

ఇంకొకటి. గుంపులో "నాకు భయంగా ఉంది, మానేద్దాం" అని మొదట నోరు విప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందరి మనసులోనూ అదే ఉంటుంది, అందరూ పక్కవాళ్ల మొహం చూస్తుంటారు, చివరికి ఎవరికీ ఇష్టం లేని చోటికి అందరూ కలిసి వెళ్తారు. దీనికి మందు ఒకటే: ఎంత గాలి ఉంటే ఆగిపోవాలో ఆ అంకె నాలుగు రోజుల ముందే, ఎండ కాస్తున్నప్పుడే, అందరూ కలిసి ఒప్పుకోండి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం సూచన చూడండి. అంకె దాటిందా, అయిపోయింది, ఇక ఎవరూ ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు, ఎవరినీ పిరికివాడు అననక్కర్లేదు.

ఒక పెద్ద టెంటా, నాలుగు చిన్న టెంట్లా

ఎనిమిది మంది పట్టే పెద్ద టెంట్ బాగుంటుంది, కాదనను. నిలబడి బట్టలు మార్చుకోవచ్చు, అందరూ ఒకేచోట కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు, వానలో బయటికి వెళ్లే పని లేకుండా పేకాడుకోవచ్చు. మామూలు వాతావరణంలో అయితే నేనూ దాన్నే తీసుకుంటాను.

గాలివానలో మాత్రం దాని సుఖమే దానికి శత్రువు. నిలబడగలిగినంత ఎత్తు అంటే గాలికి అంత పెద్ద గోడ అడ్డం పెట్టినట్టే. పైగా దాన్ని నిలబెట్టాలంటే నలుగురు కావాలి, గాలిలో ఆ బట్ట విప్పగానే తెరచాపలా లాక్కుపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అది కూలిందంటే ఎనిమిది మందీ ఒకేసారి వానలో నిలబడతారు. మిగిలిన టెంట్ అంటూ ఏదీ ఉండదు.

ఇద్దరిద్దరికి చిన్న టెంట్లయితే ఒక్కోటీ ఎత్తు తక్కువ, గాలికి అందే బట్ట తక్కువ, తాళ్లు బిగించడం సులువు. ఒకటి పోయినా ఆ ఇద్దరూ మిగతా మూడింట్లో సర్దుకుంటారు, ఇరుకుగా ఉంటుంది కానీ పొడిగా, వెచ్చగా తెల్లారుతుంది. నష్టాలూ ఉన్నాయి: మొత్తం బరువు ఎక్కువ కావచ్చు, అందరూ కలిసి కూర్చునే చోటు ఉండదు, ఎవరి టెంట్‌లో వాళ్లు గంటలు గంటలు పడుకుని ఉంటే గుంపుగా వచ్చిన సరదా పోతుంది. దానికి టార్ప్ (తాళ్లతో పైన పందిరిలా కట్టే వాన పట్టా) ఒక సమాధానం, కింద చెప్తాను.

మధ్యస్థంగా ముగ్గురు పట్టే టెంట్‌లో ఇద్దరు చొప్పున ఉండటం నాకు బాగా నచ్చే ఏర్పాటు. మూడో మనిషి చోటులో తడిసిన బ్యాగులు, బూట్లు పడతాయి, అవసరం పడితే మూడో మనిషే పడతాడు. కంపెనీలు రాసే "ఇంతమందికి" అనే లెక్క భుజాలు రాసుకుంటూ పడుకుంటే సరిపోయే లెక్క, అందులో సామాను చోటు ఉండదు. వానలో సామాను బయట పెట్టలేరు. గోడకి ఆనించి పెడితే లోపలి బట్ట బయటి బట్టకి తగిలి తేమ లోపలికి వచ్చేస్తుంది.

ఆకారం

రెండు కడ్డీలు నడినెత్తిన ఒకదాన్నొకటి దాటే గుండ్రటి డోమ్ టెంట్ అందరికీ తెలిసినదే. వేయడం సులువు, మేకులు దిగని నేల మీద కూడా నిలబడుతుంది, ఓ మోస్తరు గాలికి బాగానే ఆగుతుంది. గాలి పెరిగేకొద్దీ కడ్డీల మధ్య ఉన్న బట్ట లోపలికి వంగి పడుకున్నవాళ్ల మొహాన్ని తాకుతుంది. అది చూసి చాలామంది హడలిపోతారు కానీ వంగడం తప్పు కాదు, వంగి మళ్లీ పైకి లేస్తున్నంతసేపు ఫర్వాలేదు. లేవడం మానేసి ఒక పక్కకి ఒరిగి ఉండిపోయిందంటే అటువైపు తాడు ఊడి ఉండొచ్చు.

కడ్డీలు నాలుగైదు చోట్ల ఒకదాన్నొకటి దాటే జియోడెసిక్ టెంట్లు గాలికి అన్నిటికంటే గట్టివి, ఏ దిక్కు నుంచి వీచినా ఒకేలా తట్టుకుంటాయి. రాత్రి గాలి దిక్కు మారుతుందనుకుంటే వీటికి సాటి లేదు. ధర, బరువు రెండూ ఎక్కువ. గుంపు మొత్తానికి ఇవే కొనాల్సిన పని లేదు, ఒక్కటైనా ఇలాంటిది ఉంటే అదే మీ ఆపద్ధర్మ టెంట్. అది అందరికంటే బలహీనంగా ఉన్నవాళ్లకి ఇవ్వండి, కొన్నవాళ్లకి కాదు. కొన్నవాళ్లు ఒప్పుకునేలా ముందే మాట్లాడుకోండి.

వంతెన కమానుల్లా కడ్డీలు వరసగా ఉండే టన్నెల్ టెంట్ బరువుకి తగ్గట్టు చూస్తే అన్నిటికంటే ఎక్కువ చోటు ఇస్తుంది. వెనక భాగం గాలికి ఎదురుగా పెడితే గట్టి గాలిని కూడా మీద నుంచి జారనిస్తుంది, అదే గాలి పక్క నుంచి కొడితే అల్లాడిపోతుంది. పైగా ఇది పూర్తిగా మేకుల మీదే నిలబడుతుంది, చివరి మేకులు ఊడితే మొత్తం పడుకుంటుంది. గాలి దిక్కు స్థిరంగా ఉంటుందని, నేల మేకుల్ని పట్టుకుంటుందని తెలిస్తే మంచి ఎంపిక. ఉరుములతో వచ్చే వానల్లో గాలి నిమిషాల్లో దిక్కు మార్చేస్తుంది, అలాంటి రోజుకి నేను దీన్ని ఎంచుకోను.

మధ్యలో ఒకే స్తంభం ఉండే పిరమిడ్ ఆకారం కూడా గాలిని బాగా జారుస్తుంది, అంచుల మేకులు గట్టిగా ఉంటే. విసిరితే దానంతట అదే విచ్చుకునే టెంట్లు మాత్రం ఎండలో నీడకి పనికొస్తాయి, ఈదురుగాలికి తీసుకెళ్లొద్దు. వాటి చట్రం తేలిగ్గా వంగడానికే తయారైంది.

వేసే పద్ధతి కూడా చూడండి. కొన్ని టెంట్లకి ముందు లోపలి జాలీ గది వేసి తర్వాత పైన వాన బట్ట కప్పాలి. వాన పడుతుంటే ఆ రెండు నిమిషాల్లోనే పడుకునే చోటు తడిసిపోతుంది. బయటి బట్ట ముందు వేసేవి, లేదా రెండూ కలిపి ఒకేసారి లేచేవి గాలివానకి ఎంతో నయం. నన్నడిగితే బ్రాండ్ కంటే ఇది ముందు చూడాలి.

బట్ట, కడ్డీలు, మేకులు

బట్ట మీద 1500, 3000 అని మిల్లీమీటర్లలో అంకెలు ఉంటాయి. ఆ బట్ట మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా కారదు అని దాని అర్థం. పైకప్పుకి 1500 కూడా మామూలు వానకి సరిపోతుంది, గాలితో కొట్టే జడివానకి 3000 ఉంటే నిశ్చింత. అడుగు బట్టకి ఇంకా ఎక్కువ ఉండాలి, మోకాళ్లు ఆనించి కూర్చున్నప్పుడు పడే ఒత్తిడి వాన చినుకు కంటే చాలా ఎక్కువ కాబట్టి. నైలాన్ తడిస్తే సాగుతుంది. సాయంత్రం డప్పులా బిగించిన టెంట్ వాన మొదలైన గంటకి వదులైపోయిందంటే కారణం అదే, ఒకసారి బయటికి వెళ్లి తాళ్లు మళ్లీ బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు. రాత్రి లేచి తాళ్లు బిగించే ఓపిక ఎవరికీ లేని గుంపుకి పాలిస్టరే మేలు.

అల్యూమినియం కడ్డీ ఎక్కువ ఒత్తిడికి వంగుతుంది, ఫైబర్‌గ్లాస్ కడ్డీ చీలుతుంది. చీలిన చోట సూదుల్లాంటి పీచు లేచి వాన బట్టని కోసేస్తుంది, చేతికీ గుచ్చుకుంటుంది. రెండింట్లో ఏదైనా సరే, కడ్డీ కంటే కాస్త లావుగా ఉండే జానెడు లోహపు గొట్టం ఒకటి, బలమైన టేపు చుట్ట ఒకటి టెంట్ సంచిలోనే ఉంచండి. విరిగిన చోట గొట్టం తొడిగి, రెండు చివర్లా టేపు చుడితే ఆ రాత్రి గడుస్తుంది.

ఇక మేకులు. టెంట్‌తో పాటు వచ్చే సన్నటి వంకీ కడ్డీల మేకుల్ని ఇంట్లో వదిలేసి రండి అంటాను. గాలివానలో ఎక్కువగా ఓడిపోయేది మేకే. వాన పడ్డాక నేల మెత్తబడుతుంది, గాలి తాడుని లాగి వదులుతూ ఉంటుంది, ఒక్కో లాగుడికి మేకు చుట్టూ రంధ్రం కొంచెం వెడల్పవుతుంది, అందులోకి నీళ్లు దిగి బురదవుతుంది, ఆ తర్వాత ఒక పెద్ద విసురుకి మేకు పైకి వచ్చేస్తుంది. ఒకటి రాగానే దాని భారం పక్క మేకు మీద పడుతుంది, అలా వరసగా. మూడు రెక్కలున్న పొడవాటి మేకులు మట్టిలో బాగా పట్టు నిలుస్తాయి. ఇసుకలో మామూలు మేకులు ఆగవు. ఇసుక నింపిన సంచికి తాడు కట్టి అడుగు లోతున అడ్డంగా పాతిపెట్టడం మంచి దారి. మేకు తల టెంట్‌కి దూరంగా వాలేలా దిగగొట్టాలి, తాడు పొడవుగా వదిలి ఏటవాలుగా లాగాలి. గాలి వచ్చే వైపు ఒక్కో తాడుకి రెండేసి మేకులు వేయండి, మేకు తల మీద బరువైన రాయి పెట్టండి. టెంట్‌కి ఎన్ని తాళ్లుంటే అన్నీ కట్టండి, "గాలి లేదుగా" అని సాయంత్రం సగం తాళ్లు వదిలేయకండి.

డబ్బు పరిమితంగా ఉంటే టెంట్ మార్చడం కంటే ముందు మేకులు, తాళ్లు మార్చండి. మంచి మేకులున్న మామూలు టెంట్, నాసి మేకులున్న గొప్ప టెంట్ కంటే ఎక్కువసేపు నిలబడుతుంది.

టార్ప్: కట్టాలా, వద్దా

చిన్న టెంట్లు ఎంచుకుంటే టార్ప్ దాదాపు తప్పనిసరి. అందరూ కలిసి కూర్చోవడానికి ఒక కారణం, వంట ఇంకో పెద్ద కారణం. వాన పడుతుంటే స్టవ్ టెంట్ లోపలికి తెచ్చుకోవాలని ప్రాణం లాగుతుంది. దయచేసి వద్దు. నిప్పు అంటుకునే ప్రమాదం ఎలాగూ ఉంది, దానికి తోడు మూసిన చోట మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి వచ్చి మత్తుగా అనిపించేసరికే చాలా ఆలస్యమైపోవచ్చు. టార్ప్ కట్టలేనంత గాలి ఉంటే ఆ పూట వంట మానేయండి, మంట అవసరం లేని తిండి ఒక పూటకైనా వెంట ఉంచుకోండి.

టార్ప్ కట్టేటప్పుడు గాలి వచ్చే వైపు అంచు దాదాపు నేలకి తగిలేలా దించి, అటు వైపు ఎక్కువ తాళ్లు వేయండి. టెంట్లకి దాన్ని కట్టకండి, అది లేచిపోతే టెంట్‌ని కూడా లాక్కుపోతుంది. పడుకునే ముందు గాలి పెరుగుతుంటే విప్పేసి మడిచి పెట్టేయండి. రాత్రంతా టపటపా కొట్టుకునే టార్ప్ కింద ఎవరికీ నిద్ర పట్టదు.

చోటు

నీటి పక్కన, కొండ మీద, చెట్ల మధ్య, ఈ మూడింట్లో గుంపు ఓటు ఎప్పుడూ నీటి పక్కకే పడుతుంది. గాలివాన రోజున మొదట కొట్టేయాల్సింది అదే. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన కురిసిన వానకి వాగు పొంగుతుంది. పారే నీరు 15 సెంటీమీటర్లుంటే చాలు, పెద్దవాళ్లని కూడా పడగొట్టగలదు. 60 సెంటీమీటర్లుంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. ఎండిపోయిన వాగు గర్భం చదునుగా, మెత్తగా, టెంట్ కోసమే చేసినట్టు కనిపిస్తుంది, అక్కడ అసలే వద్దు.

కొండ నెత్తి మీద గాలి ఎక్కువ, పిడుగు భయం కూడా ఎక్కువ. చెట్ల మధ్య గాలి తగ్గుతుంది కానీ పైకి చూడాలి, ఎండిన కొమ్మ ఒక్కటి వేలాడుతున్నా ఆ చెట్టు కింద టెంట్ వేయకూడదు. నాకు నచ్చేది వాలు మధ్యలో కాస్త ఎత్తుగా ఉండి, గాలి వైపు గుబురు పొదలున్న చోటు. పల్లంగా ఉన్న గుంట వద్దు. టెంట్ కింద పరిచే పట్టా బయటి బట్ట అంచు దాటి రాకుండా లోపలికి మడవండి, లేకపోతే జారిన వాన నీరంతా మీ వీపు కిందికే వస్తుంది.

పిడుగులు: టెంటా, కారా

ఇక్కడ పోలిక చాలా చిన్నది. ఏ టెంట్ అయినా, ఎంత ఖరీదైనదైనా, పిడుగు నుంచి ఏమాత్రం కాపాడదు. గోడలు లేని షెడ్డు కూడా అంతే. లోహపు పైకప్పున్న కారు అద్దాలు ఎత్తేసుకుని కూర్చుంటే కాపాడుతుంది, విద్యుత్తు కారు పైభాగం మీదుగా నేలలోకి పోతుంది కాబట్టి. లోపల లోహపు భాగాలు పట్టుకోకుండా ఉండాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సుమారు 3 సెకన్లకి ఒక కిలోమీటరు దూరం. అయినా లెక్కలు వేస్తూ కూర్చోకండి, ఉరుము వినిపించిందంటేనే పిడుగు మీ దాకా రావచ్చు, లేచి కారులోకి వెళ్లండి, చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగండి. అందరికీ సీట్లు ఉన్నాయో లేదో బయల్దేరేటప్పుడే లెక్క చూసుకోండి, దింపేసి వెళ్లిపోయే బండిలో వచ్చిన గుంపుకి ఈ దారి ఉండదు.

ఏ దారీ లేక బయట చిక్కుకుంటే ఒంటరి చెట్టుకీ, నీటికీ, ఎత్తుకీ దూరంగా జరిగి, ఒకరికొకరు దూరం దూరంగా ఉండండి, నేల మీద పడుకోకండి. భయపడినప్పుడు అందరూ ఒకచోట చేరి పట్టుకుని కూర్చోవాలనిపిస్తుంది, కానీ పిడుగు పడితే విద్యుత్తు నేల మీదుగా పాకుతుంది, దగ్గరగా ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తగులుతుంది, సాయం చేసేవాళ్లు మిగలరు. దెబ్బ తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, ముట్టుకోవచ్చు. ఊపిరి, గుండె ఆగి ఉంటే వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి అందించడం) మొదలుపెట్టాలి. గుంపులో ఇద్దరికైనా అది చేయడం వచ్చి ఉండటం ఏ టెంట్ కంటే విలువైనది.

పడక

ఈకలు నింపిన స్లీపింగ్ బ్యాగ్ తేలిక, పొడిగా ఉన్నంతవరకు చాలా వెచ్చన. తడిస్తే ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది, ఆరడానికీ ఎంతో సమయం పడుతుంది. సింథటిక్‌ది బరువు, కానీ తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. ఈ పోలికలో నేను రెండో ఆలోచన లేకుండా సింథటిక్ వైపే. బట్టల్లో నూలు వద్దు, తడిసిన నూలు, గాలి కలిసాయంటే ఎండాకాలంలో కూడా ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడుతుంది. ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి కట్టి, పడుకునేటప్పుడు తప్ప తీయకండి. వణుకుతున్న మనిషి మాట తడబడుతున్నా, చేతులు సరిగ్గా ఆడకపోయినా ఆ క్షణమే తడి బట్టలు మార్పించి ఇద్దరి మధ్య పడుకోబెట్టండి.

ఎవరికి ఏది

అందరూ కొత్తవాళ్లు, కారు ఉంది, విసురు 40 లోపు: ముగ్గురు పట్టే పాలిస్టర్ డోమ్ టెంట్లు, ఒక్కోదాంట్లో ఇద్దరు, మంచి మేకులు, ఒక టార్ప్. ఇంతకు మించి ఖర్చు పెట్టకండి.

సగం మంది అనుభవం ఉన్నవాళ్లు, విసురు 50 దాకా రావచ్చు: ఒక జియోడెసిక్, మిగతావి తక్కువ ఎత్తున్న డోమ్‌లు. ఒక్కో టెంట్‌లో అనుభవం ఉన్న మనిషి ఒకరు పడుకోవాలి. ఇష్టమైనవాళ్లంతా ఒకచోట చేరి, కొత్తవాళ్లు ఇద్దరూ ఒంటరిగా మిగిలిపోయే పంపకం వద్దు.

మోసుకుని నడిచి వెళ్లే గుంపు, కారు అందుబాటులో లేదు: ఉరుములుంటే వాయిదా. గాలి, వాన మాత్రమే అయితే, దిక్కు స్థిరమైతే తేలికైన టన్నెల్ టెంట్లు, లేకపోతే డోమ్‌లు.

పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉన్నారు: గది తీసుకోండి, టెంట్లు పగలు వేసుకోండి.

పెద్ద టెంట్ ఇప్పటికే కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. దాన్ని కూర్చునే చోటుగా వేసి, పడుకోవడానికి రెండు మూడు చిన్న టెంట్లు అద్దెకు తెచ్చుకోండి. గాలి పెరిగితే ముందుగా పెద్దదాన్నే దించేయండి, దించడానికి నలుగురు కావాలి కాబట్టి అందరూ నిద్రపోకముందే.